బిజిలి ఫస్ట్ అని రాసిన

లేదు నాయినా, బిజిలి ఇంక గెల్వలే. షామీర్‌పేట దూరం పందెంల నువ్వు సాదిన గుర్రం, అదే అందరికన్న ముందుగాల వచ్చింది. గని ఉరికొచ్చినంక దాని గుండె పెట్టిన టైంల నిమ్మళమైతేనే గుర్రాల డాక్టర్ పాస్ జేస్తడు, గప్పుడే గెలిచినట్టని నువ్వే చెప్పినవ్.

వాట్సాప్ గ్రూపుల పందెం రిజల్ట్ పెట్టే పని ఇప్పుడు నాదే. డాక్టర్ చూడకముందే గుర్రం ఆసామి పటేల్ కొడుకు మీదికొచ్చిండు. "అరే, జల్దీ ఫస్ట్ అని కొట్టు. మాట్లాడనీకి బుగులే, టైప్ కొట్టనీకి గూడ భయమేనారా?" అన్నడు. కొట్టిన. ఇగ గ్రూపంత మస్తు మస్తు అంటాండ్రు.

డాక్టర్ సారు బిజిలి ఎద మీద గొట్టం పెట్టి రెండోసారి చూస్తుండు. ఎన్ని నీళ్లు పోసినా దాని ఒళ్లు సల్లబడ్తలేదు, గడ్డి ముడ్తలేదు. పోయినేడు రావల్కోల్ పందెం నుంచి వచ్చి నువ్వు గూడ గిట్లనే ఎగపోసుకుంట గోడకు కూసున్నవ్. నీళ్లిస్తే వద్దన్నవ్. మల్ల లేవలే.

ఫస్ట్ పోతే పోనీ, పటేల్ తంతే తన్ననీ. నాకు దీని గురించే బుగులైతాంది.

నీ నంబరుకు ఒక్కటే టిక్కు పడ్తది, నువ్వు సదువవని ఎరుకే. గిట్లైనప్పుడు దాని చెవుల నువ్వేమో అంటుంటివి, అది నిమ్మళమైతుండె. ఏమంటుంటివి నాయినా?