ఎడమ మణికట్టులో లేని తాడు

విశాఖపట్నం

అప్పకు తమ్ముడు తాతారావు దండాలు పెట్టి రాస్తున్నాను. నువ్వూ, బావా, పిల్లలూ ఒంట్లో బాగున్నారని తలుస్తాను. కళింగపట్నంలో చేపల వేట ఎలా ఉంది? నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు.

గరివిడిలో నేను పనికి చేరిన ఇనుప సామాన్ల షెడ్డులో రేకు జారి ఎడమ చూపుడు వేలు తెగింది. పుండు మానింది గాని వేలు ముడుచుకోవడం లేదు. పట్టు లేని చేతికి పనెవరిస్తారు? మేస్త్రీయే నన్ను ఇక్కడి పెద్దాసుపత్రికి పంపించాడు.

వేలిని లాగే తాడు లోపల తెగిందనీ, ముంజేతిలోంచి మరో తాడు తీసి అక్కడ పెట్టాలనీ డాక్టరుగారు చెప్పారు. "బొటనవేలూ చిటికెనవేలూ కలిపి మణికట్టు కొంచెం వంచు" అన్నారు. వైద్యం చదివే పిల్లలంతా వంగి చూశారు. చాలామందికి మధ్యలో ఒక తాడు పైకి లేస్తుందట. నాకు లేవలేదు.

"ఇతనికి ఈ చేతిలో ఆ తాడే లేదు" అన్నారాయన.

"వలలు లాగి అరిగిపోనాదా బాబూ?" అని అడిగాను.

ఆయన నవ్వలేదు. "కొందరికి పుట్టుకతోనే ఉండదు. లేకపోయినా పనికేమీ లోటు రాదు. రెండో చెయ్యి చూపించు."

కుడి చేతికి లేచింది. అప్పుడు ఊపిరి తీసుకున్నాను.

సాయంత్రమైతే వార్డులో అందరికీ మనుషులొస్తారు, క్యారియర్లు తెస్తారు. నేను గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. పక్క మంచం మీద కాలు విరిగిన ముసలాయన ఉండేవాడు, వాళ్లది శ్రీముఖలింగం ఊరు. "ఒరే, గోడలో ఏటి సూస్తన్నావు? ఇటు తిరుగు, తిను" అని కూతురు తెచ్చిన అన్నంలో సగం నాకు పెట్టేవాడు.

ఆపరేషన్ బాగానే అయింది. కుడి చేతి తాడు ఇప్పుడు ఎడమ వేలిలో ఉంది. కొన్ని వారాలకు కట్టు విప్పి, ముడవమన్నారు. ముందు కదల్లేదు. ఒళ్లంతా చెమట పట్టింది. తర్వాత వేలి కొస కొంచెం వంగింది, అప్పా! రోజూ ఇలాగే ముడుస్తూ ఉంటే ఇంకా వస్తుందన్నారు.

ముసలాయనకు చూపిద్దామని వార్డుకు గబగబా వచ్చాను. ఆయన మంచం మీద ఎవరో కొత్త మనిషి పడుకుని ఉన్నాడు. పొద్దున్నే ఇంటికి పంపేశారట. మంచం మీద కూర్చుని, వేలు నాకు నేనే చూపించుకున్నాను.

నీ మణికట్టుకు తాడు లేస్తుందో లేదో చూసుకుని రాయి. పోయిన అమ్మకు ఉండేదా అని తలుచుకున్నాను. ముద్దలు కలిపి పెట్టిన చెయ్యే, అయినా మణికట్టు ఎలా ఉండేదో గుర్తుకు రావడం లేదు. నీకు గుర్తుందా?

బావకూ, వీధిలో పెద్దలకూ నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నువ్వు దీవిస్తూ రెండు మాటలు రాయి. ఇంత దూరం ఎవరూ రానక్కర్లేదు, ఉత్తరం వస్తే చాలు.

నీ తమ్ముడు
తాతారావు