చెల్లి మిస్డ్ కాల్స్

తమ్ముడికి, అక్క దీవెనలు.

దేవుడి దయవల్ల చెల్లి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. పక్షవాతం వచ్చాక ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యమైంది, కుడిచెయ్యి ఇక స్వాధీనంలోకి రాదన్నారు డాక్టరు.

ఒంట్లో బాగోకపోతే అది వరసగా మూడు మిస్డ్ కాల్స్ ఇస్తుంది, నేను పరిగెడతాను. మా అలవాటు నీకు తెలిసిందే. ఆ రోజూ ఇచ్చింది. ఆకతాయి కాల్స్ అనుకుని నువ్వు పనిచేసే ఫోన్ కంపెనీ కొత్త నెట్‌వర్క్ వాటిని ఆపేసిందని తర్వాత నువ్వే చెప్పావు. ఇక్కడ నేను ప్రార్థన ముగించి నింపాదిగా బట్టలు ఆరేసుకుంటున్నాను.

అది పెట్టిన కొత్తలో "నెట్‌వర్క్‌కి బుర్ర ఉండాలక్కా" అని నువ్వు మురిసిపోతే నేనూ మురిశాను. చెల్లేమో ఆసుపత్రిలో, "విని కూడా రాలేదనుకున్నానక్కా" అంది.

నీ మీద కోపం లేదు నాన్నా. మీవాళ్లకు ఒక్క మాట చెప్పు. ఎవరు పిలిచినా మోగనివ్వమను. ఎత్తాలో వద్దో మేం చూసుకుంటాం.

అక్క