తొడుగు తీయని తీగ

అమ్మకు,

నీ పెద్దది రాస్తున్న ఉత్తరం. నా ఒంట్లో బాగానే ఉంది. తిండీ నిద్రా వేళకే సాగుతున్నాయి, కాకపోతే రెండోది ఈమధ్య కాస్త మొరాయిస్తోంది. అక్కడ నువ్వూ చిన్నాడూ కులాసాగా ఉన్నారనే ధైర్యంతో మొదలుపెడుతున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. గది మారలేదు. కింద టైర్ల షాపులో గాలి పట్టే మిషను ఉండుండి బుస్సుమంటుంది. మొదట్లో గుండె జారేది, ఇప్పుడు ఆదివారం షాపు మూసి ఉంటే ఆ నిశ్శబ్దానికే ఉలిక్కిపడుతున్నాను. ఇవాళ అలాంటి ఆదివారమే. ఉతికిన బట్టలు కిటికీ నిండా ఆరేసి, వాటి వెనక కూర్చుని రాస్తున్నాను. ఇక జుట్టు కత్తిరించుకున్నానని నీ దగ్గరికి ఎవరు మోసుకొచ్చారో నాకు తెలుసు. భుజాల దాకా ఉందని, గుండు కాదని పిన్నికి చెప్పు.

ఫోనులో అన్నీ పొడిపొడిగా చెబుతున్నావేంటి, ఏమైంది అని అడిగావు. ఏమీ లేదని అబద్ధం చెప్పాను. నీ గొంతు వినగానే అసలు మాట మింగేసి, వంకాయలు ఎంతకిస్తున్నారనో, వాన పడిందా అనో అడుగుతున్నాను. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు రావు.

నీ పెద్ద ప్రశ్న నాకు గుర్తుంది. ఉద్యోగం పర్మనెంటయిందా, వచ్చే నెల నుంచి మానేస్తానని సూపర్‌వైజరుతో చెప్పెయ్యనా అన్నావు. పొద్దస్తమానం నిలబడి చొక్కాల కుట్లు పరీక్షించి, ఇంటికొచ్చి పాదాలు గోడకు ఎత్తిపెట్టుకుని పడుకుంటావని తమ్ముడు రాశాడు. ఆ ప్రశ్నకే వస్తున్నాను. కాకపోతే బడి సంగతి చెప్పకుండా దానికి జవాబు చెబితే నీకు సగమే అర్థమవుతుంది.

మా బడికి ట్యాబులు వచ్చాయని చెప్పాను కదా. అవి వచ్చిన రోజు స్టాఫురూములో అందరూ పాముని చూసినట్టు చూశారు. నేనొక్కదాన్నే ఎగిరి గంతేశాను. దాంతో సైన్సు పాఠాలన్నీ ట్యాబులోకి ఎక్కించే పని నా నెత్తిన పడింది. పడిందేమిటి, నేనే ఎత్తుకున్నాను. అందులో కరెంటు పాఠం అంటే నాకు మహా ముద్దు. తెర మీద ఒక బ్యాటరీ, ఒక బల్బు. పిల్లలు వేలితో ఎర్రటి తీగను లాక్కెళ్లి ఆనించగానే బల్బు వెలుగుతుంది, చప్పట్లు వినిపిస్తాయి, వాళ్ల పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు పడుతుంది. ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా "టీచర్, నాది వెలిగింది!" అని అరిచారు. బాగా చేశానమ్మా. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

ఓ రోజు ల్యాబులో డస్టరు వెతుకుతుంటే పాత డబ్బా ఒకటి దొరికింది. అందులో నిజం బల్బులు, తీగచుట్ట, మూలన కొత్త బ్యాటరీలు కూడా ఉన్నాయి. సరదాగా క్లాసుకి పట్టుకెళ్లాను. ముందు బెంచీలో ఒక పిల్ల ఉంది, చదువులో ఎప్పుడూ ముందే. ఆ పిల్ల బల్బు మీద రెండు వేళ్లు పెట్టి విడదీసింది, తెర మీద బొమ్మని పెద్దది చేస్తామే, అలాగ. వెనక బెంచీ గడుగ్గాయి పడీ పడీ నవ్వాడు. "ఒసేయ్, అది పెద్దదవ్వదే, నీ కళ్లే పెద్దవి చేసుకోవాలి!" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను.

తరవాత నవ్వు రాలేదు. క్లాసులో ప్రతి ఒక్కరూ తీగను ప్లాస్టిక్ తొడుగుతో సహా బ్యాటరీకి ఆనించారు. ఒక్కరికైనా తొడుగు తీయాలని తోచలేదు. వెలగకపోతే ఇంకాస్త గట్టిగా నొక్కారు. ఎందుకో తెలుసా? నా పాఠంలో తీగంటే ఒక ఎర్ర గీత. ఆ గీత గీసింది నేనే. దానికి తొడుగు ఉంటుందని, లోపల రాగి ఉంటుందని, తెర మీద చూపించడం నాకే తోచలేదు. తప్పెక్కడుందో చెప్పబోయేలోగా గంట కొట్టారు.

పరిగెత్తుకెళ్లి మా హెడ్‌మిస్ట్రెస్‌తో చెప్పాను. ఆవిణ్ణి అందరం పెద్దమేడం అంటాం. ఆవిడ తల కూడా ఎత్తలేదు.

"వచ్చే వారం మేనేజ్‌మెంటు కమిటీ వస్తోందమ్మా. వాళ్లు వచ్చి వెళ్లేదాకా ఆ డబ్బా బయటికి తియ్యకు."

"మేడం, మార్కులు పడ్డాయి గానీ పిల్లలకి బల్బు వెలిగించడం రాదు."

"నాకూ రాదు. నేను బతకట్లేదా?" అని, కాస్త మెత్తబడి, "నిన్ను పర్మనెంటు చేసే కాగితం ఆ రోజే వాళ్ల ముందు పెడుతున్నాను. నాలుగు రోజులు బుద్ధిగా ఉండు తల్లీ" అంది.

చెడ్డ మనిషి కాదమ్మా. నాకోసం ఆ కాగితాన్ని నెలల తరబడి ఎన్ని బల్లల మీద తిప్పిందో నాకు తెలుసు.

కమిటీ వచ్చింది. పిల్లలు ట్యాబుల మీద వేళ్లు ఆడించారు, గుర్తులన్నీ ఆకుపచ్చగా మెరిశాయి. వాళ్లలో కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన తెగ ముచ్చటపడిపోయి, "ఇంత చక్కగా వస్తుంటే ఇంకా ఆ ల్యాబుగది ఎందుకండీ? సామాను తీసేసి ట్యాబులు ఛార్జింగు పెట్టుకోవడానికి వాడండి" అన్నాడు. పెద్దమేడం నవ్వుతూ నా వైపు తిరిగింది. "పాఠాలన్నీ చేసింది ఈ అమ్మాయే. ఏమంటావమ్మా?"

'అలాగేనండి' అంటే అయిపోయేది. నీ పాదాలకి విశ్రాంతి, నాకు ఉద్యోగం.

నేను వెళ్లి డబ్బా తెచ్చాను. ముందు బెంచీ పిల్లని పిలిచి, "వీళ్లకి బల్బు వెలిగించి చూపించు" అన్నాను. ఆ పిల్ల ధీమాగా వచ్చింది. తీగ ఆనించింది. నొక్కింది. బ్యాటరీ తిప్పి పెట్టింది. మళ్లీ నొక్కింది. గదిలో ఎవరో దగ్గారు. "కంగారు పడకమ్మా" అన్నాడు కళ్లజోడాయన, దాంతో ఆ పిల్లకి నిజంగానే కంగారు పుట్టింది. వెనక నుంచి గడుగ్గాయి, "టీచర్, బ్యాటరీ అయిపోయిందేమో!" అని అరిచాడు, దాన్ని ఎలాగైనా గట్టెక్కించాలని. "బ్యాటరీ బాగానే ఉంది" అన్నాను నేను. ఆ పిల్ల కళ్లనుంచి నీళ్లు జారాయి. నేను మాత్రం కమిటీ వైపు తిరిగి ఉపన్యాసం మొదలుపెట్టాను. చూడడం వేరు, చేతులతో చేయడం వేరు, తెరా కావాలి తీగా కావాలి అని. బాగానే మాట్లాడినట్టున్నాను. ల్యాబుగదిని అలాగే ఉంచడానికి ఒప్పుకున్నారు.

వాళ్లు వెళ్లాక పెద్దమేడం నన్ను పిలిచింది. "నీ కాగితం వచ్చే ఏడాది చూద్దామన్నారు. నలుగురిలో వాళ్ల మాటకి అడ్డం పడ్డావు మరి. నన్నేం చెయ్యమంటావు?"

కాబట్టి అమ్మా, సూపర్‌వైజరుతో ఏమీ చెప్పకు. ఇప్పటికే చెప్పేసి ఉంటే, మనసు మార్చుకున్నానని రేపే చెప్పు. నువ్వు కూర్చోవాల్సిన ఏడాదిని నిలబడే ఏడాదిగా మార్చింది నేనే. నీకు రాయడానికి ఇన్నాళ్లు చేతులు రాకపోవడానికి అదొక కారణం.

ఇంకోటి ఉంది. అది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

డబ్బా దొరికిన రోజుకీ కమిటీ వచ్చిన రోజుకీ మధ్య ఎన్ని పీరియడ్లు గడిచాయో ఆలోచించు. తొడుగు తీయాలర్రా అని ఒక్క ముక్క చెబితే చాలు. పెద్దమేడం డబ్బా తియ్యొద్దంది గానీ నోరు కట్టెయ్యలేదు కదా. రోజూ క్లాసుకి వెళ్లాను, రోజూ ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, రోజూ మింగేశాను. పిల్లలకి వచ్చేస్తే కమిటీకి చూపించడానికి నా దగ్గర ఏం మిగులుతుంది? వాళ్లు ఓడిపోతేనే నా మాట గెలుస్తుంది. అందుకని వాళ్లని అలాగే ఉంచాను. ముందు బెంచీ పిల్లనే ఎందుకు పిలిచానంటావా, దానికే అందరికంటే ఎక్కువ మార్కులు గనక.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర ఆ పిల్ల నన్ను ఆపింది. "టీచర్, వెలగదని మీకు ముందే తెలుసా?"

"తెలుసు" అన్నాను.

"మరి నన్నెందుకు పిలిచారు?"

నేను తాళాలు వెతుక్కుంటున్నట్టు నా సంచిలో చెయ్యి పెట్టాను. అది బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది.

మర్నాడు క్లాసులో డబ్బా బోర్లించాను. పాత కరెంటు పాఠం చెరిపేసి కొత్తది చేద్దామన్నాను. నేను తీగకి తొడుగు తీస్తాను, మీరు ట్యాబులతో వీడియో తియ్యండి అన్నాను. ముందు బెంచీ పిల్ల వచ్చి ట్యాబు అందుకుంది. అప్పుడు తెలిసింది, నా జన్మలో నేను తొడుగు తీసి ఎరగను. కాలేజీలో తీగలు చివర్లు ఒలిచి, క్లిప్పులు తగిలించి, తయారుగా ఇచ్చేవారు. కత్తెర పెట్టి నొక్కితే రాగితో సహా తెగి కింద పడింది. మళ్లీ నొక్కితే మళ్లీ తెగింది. పిల్లలు బల్లలు గుద్ది నవ్వారు. గడుగ్గాయి, "టీచర్, మీకు ఎర్ర గుర్తే!" అన్నాడు. చివరికి ఎలాగో, వేలు చీరుకుపోయాక, ఇంత రాగి బయటపడింది. బల్బు వెలిగింది.

"ఆ తెగిన ముక్కలున్న వీడియో తీసేసి, చివరిది మాత్రం ఉంచు" అన్నాను ఆ పిల్లతో.

"ఉండాలి టీచర్" అంది. మెట్ల దగ్గర అడిగిన తరవాత అదే అది నాతో అన్న మొదటి మాట. "మీకు రాలేదని కూడా అందులో ఉండాలి."

ఉంచాను. ఇప్పుడు ఆ పాఠం తెరిచిన ప్రతి పిల్లా ముందు నా చేతకానితనమే చూస్తుంది. ఆ పిల్ల నాతో కలిసిపోయిందని కాదు. అడిగినదానికి జవాబిస్తుంది, అంతే. అంతకంటే అడిగే ముఖం నాకూ లేదు.

ఉద్యోగం పోలేదు, ఇంకో ఏడాది ఇలాగే వేలాడుతుంది. ల్యాబు కోసం మాట్లాడినందుకు నేను బాధపడట్లేదు, అది నీ ముందు దాచను. నీ పాదాలని తలుచుకుంటే మాత్రం మాట తడబడుతుంది. నీకు కోపం వస్తే కోపంగానే రాయి. కూతురు అలిసిపోయిందని మెత్తగా రాయకు. ఏం రాసినా చివరిదాకా చదువుతాను.

ఇట్లు,
నీ జవాబు కోసం ఎదురుచూసే
నీ పెద్ద కూతురు