మూడో నెల మాట

ఏమయ్యా,

నేనే. నువ్వు పోయి మొన్న వైశాఖానికి రెండేళ్లు నిండాయి. ఎలా ఉన్నావని అడగాలనిపిస్తుంది... అడిగితే చెప్పేదెవరు?

ఐదో తరగతితో చదువు ఆగినదాన్ని. రాతలో తప్పులుంటే నవ్వుకో. నువ్వు ఉన్నప్పుడు నీ ఎదురుగా కూర్చొని ఇన్ని మాటలు ఎప్పుడైనా చెప్పానా? ఏదడిగినా తల ఊపేదాన్ని. "నీ మాట వినాలంటే నీ నోటికాడ చెవి పెట్టాల్నే" అని వెక్కిరించేవాడివి. ఇప్పుడు నా ఆ గొంతు గురించే నీకొక సంగతి చెప్పాలి.

ముందు ఇంటి సంగతి. ఆళ్లగడ్డలో మన ఇంట్లోనే ఉన్నాం, నేనూ అత్తా. ఆమెకు షుగరు వచ్చింది. గుర్తొస్తే మాత్ర వేసుకుంటుంది, లేకపోతే లేదు. నువ్వు విగ్రహాలు చెక్కిన షెడ్డు ముందు నుంచే రోజూ బస్టాండుకు పోతాను. రాళ్లు కోసే మిషన్ చప్పుడు వినపడితే గబగబా నడుస్తాను. సాయంత్రం నువ్వు ఇంటికొస్తే నెత్తి, కనురెప్పలు, మీసం అన్నీ దుమ్ముతో తెల్లగా ఉండేవి. "చూడే, ముసలోన్నైతే నేనిట్లుంటా" అనేవాడివి. ఆ ముసలితనం నన్ను చూడనిచ్చావా?

నేను పనికి పోతున్నాను. నంద్యాలలో నీకు వైద్యం చేసిన ఆసుపత్రిలోనే, టీబీ వార్డులో ఆయాగా. నువ్వు పడుకున్న వార్డే. మొదట్లో నీ మంచం ఉన్న కిటికీ పక్కకు పోలేకపోయేదాన్ని... ఇప్పుడు ఆ మంచం మీద దుప్పటి కూడా నేనే మారుస్తున్నాను.

పోయినేడు హైదరాబాదు నుంచి లావణ్య అనే అమ్మాయి వచ్చింది. కంప్యూటరు చదువు చదివింది. మా డాక్టరమ్మతో కలిసి సెల్‌ఫోన్‌లో నడిచే ఒక ప్రోగ్రాం తయారు చేస్తోంది. ఆసుపత్రి నుంచి ఇంటికి పోయిన రోగులకు రోజూ పొద్దున ఫోన్ వస్తుంది. ముందే రికార్డు చేసిన గొంతు, "మాత్రలు వేసుకున్నావా?" అని అడుగుతుంది. వేసుకుంటే ఒకటి నొక్కాలి, వేసుకోకపోతే రెండు, ఒంట్లో బాగాలేకపోతే మూడు. ఎవరు ఏది నొక్కారో నర్సు చేతిలోని ఫోన్‌లో పేరు పక్కనే కనపడుతుంది. మూడు నొక్కినవాళ్లకు నర్సే ఫోన్ చేసి మాట్లాడుతుంది.

అది విన్నప్పుడు నువ్వే గుర్తొచ్చావు. నువ్వైతే మాత్ర మింగకుండానే ఒకటి నొక్కేవాడివి, కదూ? ఆ మాటే లావణ్యతో అన్నాను. ఆమె పగలబడి నవ్వి, "మా నాన్న కూడా అంతే అక్కా" అంది. మర్నాటి నుంచి రోగి నంబరుతో పాటు ఇంట్లోవాళ్ల నంబరు కూడా అడిగి తీసుకుంటున్నారు.

మొదట హైదరాబాదులో ఎవరిచేతో మాట్లాడించిన గొంతు పెట్టారు. తీయగా, ముద్దుగా ఉంది. ఇక్కడివాళ్లు ఫోన్ ఎత్తడం, ఆ గొంతు వినగానే కట్ చేయడం. ఎందుకని అడిగితే ఒకాయన, "పాట పెట్టుకోమని కంపెనీవాళ్లు ఇట్లనే చేస్తారు గదమ్మా! ఒకటి నొక్కితే దుడ్లు కోసేస్తారు. మేము చస్తే నొక్కం" అన్నాడు. వార్డంతా అవునంది. పాపం, లావణ్య మొహం చిన్నబోయింది.

అప్పుడు వార్డులో ఓబులేసని ఒక పిల్లవాడు ఉన్నాడు. రుద్రవరం వాళ్లు. నంద్యాల రైస్‌మిల్లులో మూటలు మోసేవాడు. పెళ్లి కూడా కాలేదు. ఒకరోజు మాత్రలు చూసి మొహం తిప్పుకుంటే నేను పక్కన నిలబడి మెల్లగా చెప్పాను. "మింగప్పా. కడుపులో తిప్పుతాదని నాకూ తెల్సు, మా ఇంట్లో చూసినా. మింగితే బెల్లం ముక్క ఇస్తా" అన్నాను. మింగాడు. తిరిగి చూస్తే వెనకాల లావణ్య. "అక్కా, ఫోన్‌లో మీరే అడగాలి" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. కొన్నాళ్లు ఆమె కంటపడకుండా తిరిగాను. చివరికి పరుపులు దాచే గదిలోకి తీసుకుపోయింది. చప్పుడు రాకూడదని ఫ్యాను ఆపి, తలుపులు మూసింది. నాకు చెమటలు. ఎవరితో చెప్తున్నట్టు చెప్పాలని అడిగాను. ఇంట్లో మనిషితో చెప్తున్నట్టు అంది.

ఇంట్లో మనిషి... నాకు ఎవరున్నారు?

"ఏమప్పా, లేసినావా? మాత్రలు మింగినావా?" అన్నాను. కళ్లు మూసుకొని అన్నాను.

ఆ మాట వార్డులో తెలిసింది. ఓబులేసు వాళ్లమ్మ నర్సుతో అంటుంటే నేను అక్కడే నేల తుడుస్తున్నాను. "ఆ పిల్ల మొగుడు ఈ జబ్బుతోనే పోయినాడంట గదా. తెల్లార్తానే మొగుడు పోయినదాని గొంతు నా కొడుకు చెవిలో పడాల్నా? వద్దు తల్లీ, మా నంబరు తీసేయండి." మిగతా మంచాల దగ్గరివాళ్లు కూడా కాదనలేదు. లావణ్య కోపంతో ఏదో అనబోతే నేనే వద్దన్నాను.

నాకు కోపం రాలేదయ్యా. ఆమె అన్నది నేనూ అనుకున్నదే. నిన్ను నిలుపుకోలేని గొంతు ఇంకొకరి బిడ్డను ఏం నిలుపుతుంది?

ఇంటికొచ్చి అత్తకు చెప్పాను. ఆమె వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఇంకో గుప్పెడు కాయలు ఒలిచింది. తర్వాత చేట పక్కకు తోసి, "నా నంబరు పెట్టమను ముందు. నీ గొంతు వింటే సచ్చేదుంటే నేనే సస్తా. నాకేం బాధ? కొడుకే పోయినాడు" అంది.

నీ ఫోనే ఇప్పుడు ఆమె దగ్గర ఉంది. నీ నంబరే. లావణ్యకు చెప్తే, అత్తకు టీబీ కాకపోయినా, ఫోన్ సరిగా వస్తుందో లేదో చూడడానికని ఆ నంబరు ఎక్కించింది. మర్నాడు పొద్దున నేను పొయ్యి వెలిగిస్తుంటే ఫోన్ మోగింది. అత్త ఎత్తింది. అందులోంచి నా గొంతు, "ఏమప్పా, లేసినావా? మాత్రలు మింగినావా?" అని. అత్త ఫోన్‌తోనే అంది. "యాడ మింగేదమ్మా, ఇంకా కాఫీ చుక్క పొయ్యలేదు నువ్వు!" నేను పక్కనే ఉన్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వాం. నవ్వి నవ్వి, అత్త ఆ ఫోన్‌ను కొంగుతో తుడిచి గుండెకు ఆనించుకుంది. ఇంక ఆమెను చూడలేక నేను పొయ్యి వైపు తిరిగాను.

నెల గడిచాక ఒకరోజు అత్త నాతోపాటు బస్సెక్కింది. వద్దన్నా వినలేదు. వార్డులోకి వచ్చి సూటిగా ఓబులేసు వాళ్లమ్మ ముందు నిలబడింది. "ఏమక్కా, నెల దినాలుగా తెల్లార్తానే ఈ పిల్ల గొంతే వింటాండా. సచ్చినానా? ఈడ నిల్చోని నీతో కొట్లాడతాండా గదా! షుగరు గూడ తగ్గింది. నీకేమన్నా అనుమానముంటే గిల్లి చూస్కో" అంది. ఓబులేసు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. వాళ్లమ్మ కొడుకు దుప్పటి సర్దడంలో పడింది. ఇంటికి పోయే రోజు మాత్రం నర్సు దగ్గరకు పోయి మళ్లీ నంబరు చెప్పింది.

మీ అమ్మ నీ కోసం కూడా ఎప్పుడైనా ఇలా ఎవరితోనైనా కొట్లాడిందా?

ఓబులేసు ఇంట్లో రోజూ ఒకటి నొక్కుతున్నాడు. వాళ్లమ్మ ఫోన్‌కూ వస్తుంది, ఆమె కూడా నొక్కుతుంది. ఇప్పుడు మాత్రలు మొదలుపెట్టి మూడో నెల. పోయిన వారం ఆమె ఒక్కతే మందులకు వచ్చి, నా చెయ్యి పట్టుకుని మెట్ల పక్కకు లాగింది. "బాగైపోయినా, ఇంకేం మాత్రలమ్మా అంటాండాడు. ఒళ్లు జేసినాడు. మిల్లుకు పోతాడంట. నా మాట ఇనడు, డాక్టరమ్మ మాట ఇనడు. నీ గొంతుకైతే జవాబు చెప్తాడు. ఒక మాట చెప్పు తల్లీ..." అని ఏడ్చింది.

ఇంకేం మాత్రలన్న ఆ మాట నేను ముందే విన్నదే. నీకు తెలుసు కదా ఎవరి నోటో.

నువ్వూ మూడో నెలలోనే ఆపేశావు. "దగ్గు పోయె. బువ్వ తింటాండా. ఇంకేందే? రాయి చెక్కేటోనికి ఇన్ని మాత్రలేందీ?" అన్నావు. మీ అమ్మ తిట్టింది. నేను ఏడ్చాను. నువ్వు నవ్వేసి షెడ్డుకు పోయావు. ఆ నెల ఎంత బాగున్నావో... బుగ్గలు వచ్చాయి. నేనూ అనుకున్నాను, నిజంగా గండం గడిచిందేమోనని. వానలు మొదలయ్యేసరికి దగ్గు తిరిగొచ్చింది, ఈసారి రక్తంతో. ఆ తర్వాత ఏ మాత్రా నీకు పట్టలేదు.

ఓబులేసు సంగతి విని డాక్టరమ్మ మూడో నెలవాళ్ల కోసమని వేరే మాటలు రాసిచ్చింది. రోజూ వచ్చే ఫోన్‌లో ఆ నెలంతా అవే వినపడాలి. పరుపుల గదిలోకి పోయాను. ఏమప్పా అన్నదాకా వచ్చింది. తర్వాత కాగితం మడిచి బయటికి వచ్చేశాను. మళ్లీ పోయాను, మళ్లీ అంతే. కష్టంగా ఉంటే వేరేవాళ్ల చేత చెప్పిస్తానని లావణ్య అంది. వద్దన్నాను. ఓబులేసు వేరేవాళ్ల గొంతైతే కట్ చేస్తాడు.

రేపు పొద్దున మొదటి బస్సుకే పోతాను. రాసిచ్చిన మాటలు కాదు, నావే చెప్తాను. డాక్టరమ్మ సరేనంది. ముందు నీకు చెప్పి చూసుకుంటాను... వింటావా?

"ఏమప్పా, లేసినావా? దగ్గు పోయిందని ఆపొద్దు. ఒంట్లో బాగుండాదంటే మాత్రలు పని చేస్తాండాయని, జబ్బు పోయిందని కాదు. మా ఇంట్లో మనిషి ఈ నెలలోనే ఆపేసినాడు. బాగుండాడనే అనుకున్యాం. మల్లా దక్కలేదు. నువ్వు ఆపొద్దప్పా. ఈ పొద్దుటిది మింగు. నీళ్లు తాగు. రేపు మల్లా అడుగుతా."

చెప్పగలిగాను చూడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. రేపు కూడా ఆగను. వాడి మాత్రలు అయిపోయే నెలదాకా రోజూ అడుగుతాను, వాడి తర్వాత వచ్చేవాళ్లను కూడా.

ఉంటాను మరి. అత్త పిలుస్తోంది.