పేరు చెప్పకూడని మీటింగు

రేపల్లె, 1-2-1988
(తాగక మూడో రోజు)

తెనాలిలో తాగుడు మానినవాళ్ల సంఘం కార్యదర్శి గారికి గేరా బర్నబాస్, ఎలిమెంటరీ స్కూలు మాస్టారు, మందిరంలో పాటలు పాడించేవాడు, వందనాలతో రాయునది.

ఆసుపత్రి కాంపౌండరు మీ పోస్టు బాక్సు నంబరు ఇచ్చాడు. మీ మీటింగు ఎక్కడో, ఏ రోజో తెలపగలరు. నా తాగుడు భరించలేక మా రాహేలు అమృతలూరు పుట్టింటికి పోయింది. "మానేశానని నువ్వు చెబితే నేను నమ్మను. ఇంకోళ్లు చెప్పాలి, అప్పుడొస్తా" అంది. ఆమె లేకపోతే ఇల్లు ఇల్లులా లేదండి.

ఇట్లు మీ సహోదరుడు,
బర్నబాస్

తా.క.: పోతూ పోతూ వీధి తలుపుకు తాళం వేసి చెవి పట్టుకుపోయింది. రోజూ పెరటి గోడ దూకుతున్నాను. తాగిన రోజుల్లో వీధి గుమ్మంలోంచే వచ్చేవాణ్ణి. ఇప్పుడు చూసినవాళ్లు "మాస్టారికి మరీ ముదిరింది" అంటున్నారు.

తెనాలి, 4-2-1988

బ. గారికి చ. నమస్కారాలు.

ప్రతి గురువారం సాయంత్రం ఐదింటికి, స్టేషను రోడ్డులో కుట్టుమిషన్ల రిపేరు కొట్టు మీది మేడగది. బోర్డు ఉండదు. దారి ఎవరినీ అడగొద్దు. మా దగ్గర పేర్లు, ఊళ్లు, ఇంటిపేర్లు ఉండవు. ఎవరి సంగతి వాళ్లు చెప్పుకుంటారు. విన్నది గది దాటదు. ప్రస్తుతం నలుగురం. గుట్టే మాకు ప్రాణం.

ఉంటాను,
చ.

తా.క.: ఇకమీదట కవరులో రాయండి. మీ పోస్టుకార్డును నా భుజం మీదుగా చదివేసి, క్యూలో వెనకాలాయన "పాపం, ఆ రాహేలమ్మ గారు వచ్చారా?" అని అడిగాడు.

రేపల్లె, 13-2-1988
(పదిహేనో రోజు)

చ. గారికి బర్నబాస్ వందనాలు.

అడక్కుండా దారెలా దొరుకుతుందండి? సోడా కొట్టతన్ని అడిగాను. అతను రిక్షావాళ్లను అడిగాడు. మొత్తం పదకొండు మంది మెట్ల దాకా దిగబెట్టి "మాస్టారూ, జయం!" అన్నారు. మీ నలుగురూ టీ ఇచ్చారు, ఓపిగ్గా విన్నారు. కానీ గంటన్నరలో ఒక్కరైనా "మీదే ఊరు, ఎవరి తాలూకు?" అని అడగలేదే! మనసు చివుక్కుమంది. అందుకని నేనే చెప్పాను, మా తాతగారి దగ్గర్నుంచి.

మా మందిరంలో సాక్ష్యమంటే పందిరి, మైకు, కరపత్రాలు. నలుగురికి గుసగుసగా చెబితే రాహేలు దాకా ఎలా చేరుతుంది? కనుక 25వ తేదీ గురువారం కొట్టు వెనక ఖాళీ స్థలంలో సభ పెట్టాను. మైకు మా బుడే సాహెబ్‌ది. ఐదొందల కరపత్రాలు తెనాలి, బాపట్ల, రేపల్లె స్టేషన్లలో పంచేశాను.

మీ సహోదరుడు,
బర్నబాస్

తా.క.: మీ నియమం మరవలేదు. కరపత్రంలో మీ పేరు లేదు. "కార్యదర్శి: చ. గారు. బొద్దుగా, బట్టతలతో, ఎడమ చెవి మీద పుట్టుమచ్చతో ఉంటారు" అని మాత్రమే వేయించాను.

బాపట్ల, 23-2-1988

బ. గారూ, కొంప ముంచారు!

సభ ఆపండి. నాది బాపట్ల. ఎవరూ ఎరగకూడదనే తెనాలి దాకా వస్తాను. తాగిన పదేళ్లూ మా ఆవిడ హైమావతికి తెలియకుండా ఏలకులు నమిలి నెట్టుకొచ్చాను. మానేసి రెండేళ్లయింది. తాగానని చెప్పకుండా మానేశానని ఎలా చెప్పను? అందుకే గురువారాలు ఆఫీసు పనంటున్నాను.

కంగారుతో,
చ.

తా.క.: మీ కరపత్రం మా ఇంటికి మిరపకాయ బజ్జీల పొట్లమై వచ్చింది. హైమావతి ఒకసారి దాన్ని, ఒకసారి నా చెవిని చూస్తోంది.

రేపల్లె, 26-2-1988
(ఇరవై ఎనిమిదో రోజు)

చ. గారికి వందనాలు.

మీ ఉత్తరం సభ అయ్యాక, ఈ పొద్దున అందింది. క్షమించండి. అరవై మంది వచ్చారు. మీరు రాలేదు. ఇంత ఎండలో మంకీ క్యాప్ పెట్టుకుని ఎవరో ఒకాయన మాత్రం వెనకాల నుంచున్నాడు. కాసేపటికి అక్కడే ఎవరో మొగుడూ పెళ్లాల గొడవ కూడా అయింది.

రాహేలు రాలేదండి. మైకు ముందు నుంచుని ప్రతి వరసా చూశాను. తిరిగొస్తుంటే కాళ్లు సారా కొట్టు వైపు తిరిగాయి. మీకు అబద్ధం చెప్పను. బుడే సాహెబ్ మైకు పెట్టె తెచ్చి నా నెత్తిన పెట్టి "ముందిది మొయ్యండి మాస్టారూ" అన్నాడు. ఇంటి దాకా మోశాను. రేపటి సంగతి నాకు తెలియదు.

మీ
బర్నబాస్

తా.క.: గోడ దూకుతుంటే మోకాలు చీరుకుంది. ఎవరి కోసం దూకుతున్నానో అర్థం కావట్లేదు.

బాపట్ల, 28-2-1988

గేరా బర్నబాస్ మాస్టారికి, నూతక్కి చలపతిరావు అసలు పేరుతో, ఇంటిపేరుతో నమస్కరించి రాయునది.

మంకీ క్యాప్ నేనే. మొగుడూ పెళ్లాలమూ మేమే. నాకు తెనాలిలో చిన్నిల్లుందని హైమావతికి రెండేళ్లుగా అనుమానమట. పట్టుకుందామని వాళ్ల అన్నయ్యను వెంటేసుకుని దిగింది. టోపీ ఊడపీకింది. అన్నీ ఒప్పుకున్నాను. "ఇంతేనా!" అని నవ్వింది, వెంటనే ఏడ్చింది. "మీకు అరుగుదల లేదనుకుని పదేళ్లు వాము కషాయం పోశానే!" అంది. తాగినన్నాళ్లూ అదీ తాగానండి.

వచ్చే గురువారానికి పదిహేడు మంది వస్తామన్నారు. పేర్లు వద్దు మొర్రో అన్నా ఇంటిపేర్లతో సహా రాసిచ్చారు.

ఇంకో సంగతి. గొడవ సద్దుమణిగాక, పందిరి గుంజ చాటునున్న ఒకావిడ "ఆ మాట్లాడే ఆయన నిజంగా మానేశాడా అండీ?" అని నన్నడిగింది. "ఇవాళ్టికి ఇరవై ఏడు రోజులమ్మా. నేను పూచీ" అన్నాను. మీరెవరమ్మా అంటే "ఇక్కడ పేర్లు చెప్పకూడదటగా" అంది. మొత్తం సభలో మా నియమం పాటించింది ఆవిడొక్కతే. బస్సుకు వేళైందని కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

మీ
చలపతిరావు

తా.క.: వెళుతూ, అమృతలూరు నుంచి రేపల్లెకు మార్చి 5, శనివారం పొద్దున బస్సెన్నింటికని అడిగింది. మాట్లాడినంతసేపూ చేతిలో ఒక తాళంచెవి తిప్పుతూనే ఉంది. మాస్టారూ, శనివారం గోడ దూకకండి.