మేకల తాడు

దిల్‌సుఖ్‌నగర్

అమ్మకు, మేమంతా బాగున్నాం.

నిన్న పొద్దున ఒకతను నా మటన్ దుకాణానికి కారులో మేకను తెచ్చి, కోసి ఇమ్మన్నాడు. తల, గిట్టలు, తోలు ముందే తీసేశారు. కడుపు కోస్తే కార్జానికి అంటుకుని ఉండాల్సిన, పసరు నిండిన చేదుతిత్తి లేదు. మేకకు అది ఉంటుంది, జింకకు ఉండదు. జింకను చంపితే జైలే. కత్తి కడిగేసి, తీసుకుపొమ్మన్నాను.

"జర మెల్లగ మాట్లాడన్నా, మీ తమ్ముడు శ్రీశైలమే నీ దగ్గరికి పొమ్మన్నడు" అన్నాడు.

దాని కాళ్లకు కట్టిన తాడు మాత్రం విప్పి ఉంచుకున్నాను. నీ ఆకుపచ్చ చీర చింపి మన మేకల కోసం నువ్వు పేనిన తాడే అది.

నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? చింతపండు పంపకు, నిరుటిదే ఉంది. దుకాణంలో నాకొక మనిషి కావాలి. శ్రీశైలాన్ని పంపు. ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగితే నేనే వచ్చి తీసుకొస్తాను. పిల్లలు నీ కాళ్లకు మొక్కుతున్నారు.

శ్రీశైలం నా ఫోన్ ఎత్తడం లేదు, అందుకే కార్డు రాశాను. నీకు చదివి వినిపించేది ఎలాగూ వాడే కదా. మధ్యలో ఆగితే మళ్లీ మొదటినుంచి చదవమను.

నీ పెద్దకొడుకు
నర్సింగ్