పెద్దమ్మ మీద ఒట్టు

జూలై 14, సోమవారం

‘వెయ్యేళ్ల ఓడ’ రచయిత్రి గారికి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమమేనని ప్రతివారం టీవీలో తమ పేరు పడినప్పుడల్లా తెలుస్తూనే ఉంది.

నా మర్యాద ఇంతటితో సరి. ఇరవై రెండేళ్లుగా మాటల్లేకపోయినా, ‘సిరాబుడ్డీ’ అని పిలిచిన నిన్ను ‘తమరు’ అనడం నా వల్ల కాదు. ఒళ్లు మండి రాస్తున్నానే. మధ్యలో మడిచి పక్కన పెట్టకుండా చివరిదాకా చదువు.

నేనిప్పుడు ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాను. మేం భోజనాలు చేసే గదిలో, కాగితం కట్టల పైన, ఒక పాత టీవీ ఉంది. నీ సీరియల్లో శుక్రవారం వేసిన భాగాన్ని శనివారం మధ్యాహ్నం మళ్లీ వేస్తారు కదా, మా మెషిన్ ఆపరేటరూ కాగితాలు కోసే ఆవిడా టిఫిన్ డబ్బాలు విప్పుతూ అదే పెడతారు. అలా నీ అంతరిక్ష ఓడ నా కళ్లబడింది.

మొదటి వారమే ఓడలో ఉన్న చిన్న పడవను ‘తూనీగ’ అని పిలిచారు. ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. మన రేడియో నాటకంలో ఓడ పేరు అదే కదా. అరవై రెండు వారాలు నువ్వు రాశావు, ఆ ఓడను నడిపే కంప్యూటర్‌కి నేను గొంతునిచ్చాను. అందులో జనం దాన్ని ‘పెద్దమ్మా’ అని పిలిచేవాళ్లు. రెండో వారం మీ ఇంజనీరు పిల్ల తను నిజమే చెబుతున్నానంటూ “పెద్దమ్మ మీద ఒట్టు” అంది. వెయ్యేళ్ల తర్వాత మనుషులు నా మీద ఒట్టేసుకుంటున్నారు! దాచడమెందుకు, ఆ రోజు ఇంటికి నడుస్తున్నానో తేలుతున్నానో నాకే తెలియలేదు.

ఆ సంబరం ఎన్నాళ్లుండనిచ్చావు? నాలుగో వారానికల్లా ఎవరైనా జాగ్రత్తలు చెబితే చాలు, “పెద్దమ్మలా నస పెట్టకు” అనడం మొదలైంది. ఆరో వారంలో మీ వంటవాడు పాడైపోయిన పొయ్యికి పెద్దమ్మ అని పేరు పెట్టాడు. పెద్దమ్మ ఎప్పుడు నస పెట్టిందే? గాలి గొట్టం మూసుకోండి, లేకపోతే చస్తారు అని చెప్పడం నసా?

ఇంకో సంగతి. అయిదో వారంలో మీవాళ్లు తూనీగ అనేది ఒక పాత రేడియో నాటకం అని చెప్పుకున్నారు. సరే, ఒప్పుకున్నాను. ఏడో వారంలో మీ కెప్టెను తన ముత్తాత తూనీగలో ప్రయాణం చేశాడని గొప్పలు పోయాడు. మేం నాటకం అయితే అతని ముత్తాత అందులోకి ఎలా ఎక్కాడు? మేం నిజమైతే మమ్మల్ని రేడియోలో నాటకంగా వేసిందెవరు? ఏదో ఒకటి తేల్చుకో. ఒకప్పుడు నీళ్ల పంపు ఏ భాగంలో చెడిందో మర్చిపోయావని నువ్వే రాసిన పేజీలు నువ్వే చింపి, మళ్లీ మొదట్నుంచి రాసేదానివి. ఆ సిరాబుడ్డి ఎక్కడికి పోయింది?

ఇక తొమ్మిదో వారం.

మీ ఓడలో జనమంతా భోజనాల బల్లల దగ్గర చేరి ఆ పాత నాటకం వింటారు. వేరే ఎవరో నన్ను అనుకరిస్తారులే అనుకున్నాను. కాదు. నా గొంతే వచ్చింది. నలభై ఒకటో భాగం. తూనీగలో గాలి అయిపోతుంటే, భయపడి గాలంతా పీల్చేస్తున్న జనానికి పెద్దమ్మ లెక్కపెట్టి ఊపిరి తీయించే ఘట్టం. “తీయండి, నాలుగు. ఆగండి. ఇప్పుడు వదలండి.”

ఆ రోజు నాకు నూట రెండు జ్వరం. చప్పుడవుతుందని సౌండ్ ఇంజనీరు ఫ్యాను ఆపేశాడు. చదివిన పేజీ చదివినట్టు కింద పరిచిన బొంత మీదికి జారవిడుస్తున్నాను. నువ్వు వేడినీళ్ల గ్లాసు పట్టుకుని నా పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నావు. ఒక్క టేకులో అయిపోయింది. అయ్యాక నువ్వు ఏడ్చావు కూడా.

ఇప్పుడు మీ పైలట్ కుర్రాడు దాన్ని విని, కంప్యూటర్‌కి జలుబు చేసిందా అంటాడు. బల్లలు చరిచి నవ్వుతారు. మా మెషిన్ ఆపరేటరూ నవ్వాడు, అతని తప్పేముంది, నవ్వమని నువ్వే రాశావు. నేను డబ్బా మూసేసి, టీవీ తీగ పీకేసి, నా బల్ల దగ్గరికి వచ్చేశాను. ఆ రోజు దిద్దిన ప్రూఫుల్లో పదకొండు తప్పులు వదిలేశానని మా యజమాని చూపించాడు.

మీ కంపెనీకి రాశాను. రేడియోవాళ్ల దగ్గర అనుమతి తీసుకున్నామనీ, నా అభిమానానికి ధన్యవాదాలనీ అచ్చువేసిన కార్డు పంపారు. నేను అభిమానినట! చివరికి మన సౌండ్ ఇంజనీరును వెతికి పట్టుకుని, నీ చిరునామా రాయించుకున్నాను.

నువ్వంతే మొదట్నుంచీ. మన రేడియో నాటకం ఆఖరి భాగంలో పెద్దమ్మను ఆపేస్తున్నావని నాకు ముందు చెప్పావా? మైకు ముందు కూర్చున్నాక కాగితం చేతికిచ్చావు. చదివాను, చెప్పులేసుకున్నాను, వచ్చేశాను. నువ్వు మెట్ల దాకా వెంటబడి, “కథకి అదే సరైన ముగింపే” అన్నావు. “కథకి సరే, నాకు చెప్పాలిగా” అన్నాను. మన మధ్య చివరి మాట అదే. ఇప్పటికీ నేనడిగేది అదే. నా గొంతు తీసుకునేముందు నన్నొక్క మాట అడగాలిగా. నీకు నా అడ్రసు తెలియకపోతే, నేను కనుక్కున్నట్టే నువ్వూ కనుక్కోవచ్చుగా.

రాబోయే భాగాల్లో ఆ పైలట్ చేత క్షమాపణ చెప్పించు. నాకు కాదు, పెద్దమ్మకి.

ఇట్లు,
కోపం ఇంకా చల్లారని
నీ పెద్దమ్మ

తా.క.: కవరు అంటించబోయి మళ్లీ తెరిచాను. నీకు తెలియని సంగతి ఒకటుంది. రెండేళ్ల కిందట గొంతులో కణితి వచ్చి, ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. అప్పట్నుంచి నాకు మాట లేదు. ఏం కావాలన్నా పలక మీద రాసి చూపిస్తాను. అందుకే ఈ ప్రూఫుల పని.

ఆ శనివారం నేను తీగ పీకేశాక, కాగితాలు కోసే ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చి ఏమైందని అడిగింది. ఆ గొంతు నాదేనని పలక మీద రాశాను. ఆమె అది చదివి, “మీరు అలా మాట్లాడేవారా అక్కా” అంది. ఎంత కోపంలో ఉన్నా, ఆ ముక్క మళ్లీ వేస్తే బాగుండునని అప్పుడే అనిపించింది.

రేడియోవాళ్లు టేపులు పారేస్తుంటే నువ్వే వెళ్లి మొత్తం కాపీలు చేయించుకున్నావని సౌండ్ ఇంజనీరు చెప్పాడు. నాకూ ఒక కాపీ పంపు. మా అమ్మాయికి పాప పుట్టి పద్నాలుగు నెలలైంది. ఈ అమ్మమ్మ గొంతు దానికి ఇంతవరకూ తెలియదు.